ఫిబ్రవరిని కూడా కొలవండి
(జార్జియా వ్యవసాయ కమిషనర్‌కు బహిరంగ లేఖ)

గౌరవనీయులు, జార్జియా రాష్ట్ర వ్యవసాయ కమిషనర్ టైలర్ హార్పర్ గారికి,



మీ పేరు నేను మొదటిసారి చదివింది పెట్రోలు బంకులో. ఈ రాష్ట్రంలో పంపు సరిగ్గా కొలుస్తోందో లేదో చూసే పని వ్యవసాయ శాఖదేనని, పంపు మీద అతికించిన స్టిక్కరు మీద కమిషనర్ పేరు ఉంటుందని ఇక్కడికి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకి తెలియడానికి కొంత కాలం పడుతుంది. వ్యవసాయానికీ పెట్రోలుకీ ఏం సంబంధమని మొదట్లో నవ్వుకుంటాం కూడా. టామీ ఇర్విన్ గారు 1969 నుంచి 2011 దాకా మీ కుర్చీలో కూర్చున్నారు కాబట్టి రెండు తరాల జనం ఆయన పేరు చూస్తూనే ట్యాంకులు నింపుకున్నారు. కొలత తేడా రాకూడదన్న పట్టుదల మీ శాఖకి అంత పాతది. ఆ ధైర్యంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. పెట్రోలు సరే, మార్చి నెల చలిని ఈ రాష్ట్రం కొలుస్తున్న తీరులో మాత్రం తేడా ఉంది.

మీకు తెలుగు రాదని తెలుసు. ఉత్తరం మీకే అయినా ముందు చదివేది ఫోర్సైత్, ఫుల్టన్, గ్విన్నెట్ కౌంటీల్లో ఉన్న మావాళ్లు. వాళ్ల పిల్లల్లో ఎవరైనా దీన్ని ఇంగ్లీషులోకి మార్చి మీ ఆఫీసుకి పంపితే మంచిదే. నాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు వరుసలో నిలబడ్డ లక్షలమంది భారతీయుల్లో నేనొకణ్ణి. పన్ను మాత్రం ఏటా ఏప్రిల్ 15 లోపు కడుతున్నాను.

2023 సంగతితో మొదలుపెడతాను. ఆ ఏడు మహాశివరాత్రి ఫిబ్రవరి 18న వచ్చింది. శివరాత్రికి చలి 'శివ శివా' అనుకుంటూ వెళ్లిపోతుందని మా సామెత. ఆ ఏడు జార్జియా చలి పండగ దాకా కూడా ఆగలేదు. అంతకుముందు క్రిస్మస్ వారంలో అట్లాంటాని ఒంటి అంకె ఫారెన్‌హీట్ డిగ్రీలకి దింపి, ఇళ్లలో నీళ్ల పైపులు పగలగొట్టి, ఆ తర్వాత మాయమైపోయింది. జనవరి, ఫిబ్రవరి నెలలు వసంతంలా గడిచాయి. పీచ్ చెట్లు తొందరపడి పూశాయి. మార్చి నడిమికి చలి తిరిగొచ్చింది. మార్చి 22న ఉగాది. ఉగాది ముందు వారమంతా నడిమి జార్జియా పీచ్ రైతులకి నిద్ర లేదు. కాపు లెక్క తేలేసరికి రాష్ట్రంలో పీచ్ పంట తొంభై శాతానికి పైగా పోయింది.

రాష్ట్రం అడిగింది, వాషింగ్టన్‌లోని వ్యవసాయ శాఖ పీచ్ పండే కౌంటీలని విపత్తు ప్రాంతాలుగా ప్రకటించింది, రైతులకి తక్కువ వడ్డీకి అత్యవసర రుణాలు తీసుకునే అర్హత వచ్చింది. సాయం పేరుతో వచ్చింది అప్పు అన్నమాట. దాని గురించి తర్వాత మాట్లాడతాను. ముందు ఆ ఏడంతా వినిపించిన కథ గురించి. కాలం కాని కాలంలో చలి వచ్చింది, పూత మాడింది, దైవం చేసిన పనికి మనిషేం చేయగలడు అన్నది ఆ కథ. టీవీలో అదే, సంతలో అదే, రోడ్డు పక్క పళ్ల దుకాణంలో అదే.

కమిషనర్ గారూ, ఈ కథలో దొంగని వదిలేసి దారినపోయేవాణ్ణి పట్టుకున్నారు. మార్చిలో జార్జియాకి చలి రావడం వింత కాదు. వింత ఫిబ్రవరిది.

మార్చి చలి ఎంత పాతదో ఈ నేల మీద పుట్టి పెరిగిన మీకు నేను చెప్పక్కర్లేదు. వసంతంలో తిరిగొచ్చే ఒక్కో చలికి మీ పెద్దలు ఒక్కో పేరు పెట్టుకున్నారు. డాగ్‌వుడ్ చెట్టు తెల్లగా పూసినప్పుడు వచ్చేది డాగ్‌వుడ్ వింటర్. నల్ల ముళ్లపొద పూసినప్పుడు వచ్చేది బ్లాక్‌బెర్రీ వింటర్. పేర్లు పెట్టి పిలుచుకునేంత తరచుగా వచ్చే చుట్టాన్ని అనుకోని అతిథి అంటే ఎవరు నమ్ముతారు? 1993 మార్చి 12 నుంచి 14 దాకా వచ్చిన మంచు తుఫాను అలబామాలో బర్మింగ్‌హామ్ ఊరిని అడుగు మందాన కప్పేసింది, ఫ్లోరిడా ఉత్తరపు అంచున కూడా మంచు కురిపించింది. 1955 మార్చి చివర్లో వచ్చిన చలి దక్షిణాది రాష్ట్రాల్లో పీచ్ పంటని దాదాపు ఊడ్చేసింది. 2007లో ఈస్టర్ ఏప్రిల్ 8న వస్తే, ఆ వారమంతా గడ్డకట్టే చలి. అంతకుముందు మార్చి నెల ఈ దేశ చరిత్రలోనే అతి వెచ్చని మార్చిలలో ఒకటి.

ఇంటి వెనక నాలుగు గజాల మట్టి ఉన్న మావాళ్లు కూడా ఈ పాఠం నేర్చుకున్నారు. కమింగ్‌లో, ఆల్ఫరెట్టాలో, జాన్స్ క్రీక్‌లో తెలుగువాళ్ల గరాజుల్లో కార్లకి చోటు లేకుండా కరివేపాకు కుండీలు, మల్లె కుండీలు నవంబరు నుంచి కాపురం ఉంటాయి. బీర, సొర, చిక్కుడు నార్లు కిటికీల పక్కన మొలకెత్తి ఎదురుచూస్తుంటాయి. ఏప్రిల్ 15న పన్ను లెక్కలు పంపించేశాకే నారు బయట పెట్టాలని మా వాట్సాప్ గుంపుల్లో పెద్దవాళ్ల శాసనం. మార్చిలో ఎండ చూసి మురిసిపోయిన కొత్తవాళ్ల బెండ మొక్కలు ప్రతి ఏడూ బలవుతుంటాయి, అది వేరే సంగతి. కుండీ అయితే లోపలికి తెచ్చుకుంటాం. పీచ్ తోటని ఎవరు తెచ్చుకోగలరు?

చెట్టు వైపు నుంచి చూస్తే అసలు లెక్క తెలుస్తుంది. ఇది మీకు కొట్టినపిండి. మావాళ్ల కోసం రాస్తున్నాను, ఓపిక పట్టండి. పీచ్ చెట్టు శరదృతువులో ఆకు రాల్చి నిద్రపోతుంది. ఆ నిద్రలోనే వచ్చే ఏటి పూమొగ్గలు ఉంటాయి. చెట్టు లేవాలంటే ముందు చాలినంత చలి తగలాలి. 45 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి, అంటే సుమారు 7 డిగ్రీల సెల్సియస్‌కి దిగువన గడిచిన గంటలని చెట్టు ఒక్కొక్కటిగా కూడబెట్టుకుంటుంది. కొన్ని రకాలకి నాలుగు వందల గంటలు చాలు. కొన్నింటికి వెయ్యి దాకా కావాలి. ఆ లెక్క నిండాక వెచ్చదనం తగిలితే మొగ్గ విచ్చుకుంటుంది. లెక్క నిండకపోతే చెట్టు సగం నిద్రలో ఉండిపోతుంది. కొన్ని మొగ్గలు విచ్చుకుంటాయి, కొన్ని రాలిపోతాయి, ఆకు సరిగ్గా రాదు, పిందె నిలవదు. మా మామిడికి కూడా పూత రావాలంటే చలికాలపు చల్లని రాత్రులు కావాలి. చలి వెనకబడిన ఏడు నూజివీడులోనైనా కొల్లాపూర్‌లోనైనా పూత ఆలస్యమైందని రైతులు కొమ్మల వైపు చూస్తుంటారు. పీచ్‌ది అంతకంటే కఠినమైన నియమం.

ఇక చలికి తట్టుకునే శక్తి. నిద్రలో ఉన్న పీచ్ మొగ్గ మొండిది. ఉబ్బడం మొదలుపెట్టిన దశలో కూడా 18 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి అరగంట తగిలితే నూటికి పది మొగ్గలే పోతాయి. తొంభై పోవాలంటే ఒకటో డిగ్రీ దాకా దిగాలి. అదే చెట్టు నిండా పూసి ఉంటే 27 దగ్గరే నూటికి పది పోతాయి, 24 దగ్గర తొంభై పోతాయి. పది శాతం నష్టానికీ సర్వనాశనానికీ మధ్య మూడంటే మూడు డిగ్రీలు. పిందె కట్టాక అది ఇంకా సుకుమారం. 28 దగ్గరే దెబ్బ మొదలవుతుంది.

అంటే ఏమిటి? మార్చి 20వ తేదీ రాత్రి 25 డిగ్రీలు నమోదైతే, ఆ అంకెకి ఒంటరిగా అర్థం లేదు. చెట్టు ఇంకా మొగ్గ మీద ఉంటే రైతు దుప్పటి కప్పుకుని పడుకోవచ్చు. పూత మీద ఉంటే ఏడాది కష్టం తెల్లారేసరికి నల్లబడుతుంది. రెండు చోట్లా చలి ఒక్కటే. తేడా తెచ్చింది అంతకుముందు గడిచిన ఆరు వారాల వెచ్చదనం. విపత్తు దరఖాస్తులో రాసేది మాత్రం ఆ ఒక్క రాత్రి పేరే.

2017 దీనికి ఇంకా మంచి సాక్ష్యం. ఆ శీతాకాలం ఎంత వెచ్చగా ఉందంటే ఆగ్నేయ రాష్ట్రాల్లో చాలాచోట్ల చెట్లు మామూలు కంటే మూడు వారాలు ముందు చిగురించాయి. మార్చి 14 నుంచి 16 దాకా చలి వచ్చింది. దక్షిణాదిలో పళ్ల తోటల నష్టం వంద కోట్ల డాలర్ల స్థాయికి చేరింది. సౌత్ కరొలైనా పీచ్ దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. జార్జియాలో సుమారు 80 శాతం పోయింది. జార్జియా నష్టంలో పెద్ద వాటా మార్చి చలిది కాదు. చలికాలంలో చలి చాలక, గంటల లెక్క నిండక, చెట్లు కాపు పట్టనేలేదు. ఒకే తోటకి ఒకే ఏడు చలి చాలకపోవడమూ చలి ఎక్కువవడమూ రెండూ తగిలాయి. 'కాలం కాని చలి' అని ఒక్క మాట రాసి ఫైలు మూసేస్తే ఇందులో సగం కథ కూడా అందులోకి రాదు.

ఇది మన కాలపు వింతేమీ కాదని మీరు అనవచ్చు. నిజమే. మీ దక్షిణపు పొరుగువాళ్ల కథే చూడండి. 1894 డిసెంబరు చివర ఫ్లోరిడాలో గడ్డకట్టే చలి వచ్చి నారింజ పళ్లన్నీ చెట్ల మీదే పాడైపోయాయి. చెట్లు మాత్రం చావలేదు. తర్వాత జనవరి వెచ్చగా గడిచింది. చెట్లలోకి రసం ఎక్కింది, కొత్త చిగుళ్లు వచ్చాయి, గండం గడిచిందని రైతులు ఊపిరి పీల్చుకున్నారు. 1895 ఫిబ్రవరి 7, 8 తేదీల్లో రెండో చలి వచ్చింది. రసం నిండిన మానులు బెరడు పగిలి మొదలంటా చచ్చిపోయాయి. చాలామంది ఇళ్లూ తోటలూ వదిలేసి వెళ్లిపోయారు. నారింజ సాగు మొత్తం దక్షిణానికి జరిగింది, పాత దిగుబడి మళ్లీ కనబడటానికి పదేళ్ల పైనే పట్టింది. ఆ చలి తాకని మయామి నుంచి జూలియా టటిల్ అనే ఆవిడ రైలు కంపెనీ యజమాని హెన్రీ ఫ్లాగ్లర్‌కి నారింజ పూలు పంపి, చూడండి మా ఊళ్లో చలి లేదు, రైలు ఇక్కడిదాకా వేయండి అని కబురు చేసిందని ఒక కథ చెబుతారు. పూలు పంపిందో లేదో గానీ, 1896లో మయామికి రైలు మాత్రం వచ్చింది. ఆ డిసెంబరు చలి పళ్లని తీసుకుపోయింది. చెట్లని చంపింది మధ్యలో వచ్చిన వెచ్చని జనవరి.

నూట ముప్పై ఏళ్ల నుంచీ తెలిసిన సంగతే ఇది. అప్పుడప్పుడూ వచ్చే వెచ్చని శీతాకాలం ఇప్పుడు మాటిమాటికీ వస్తోంది, అదొక్కటే కొత్త. మీ పార్టీలో కొందరికి 'వాతావరణ మార్పు' అన్న మాట చేదని నాకు తెలుసు. ఆ మాట వదిలేయండి, ఇబ్బంది లేదు. గంటలు లెక్కపెట్టండి చాలు. థర్మామీటరుకి పార్టీ లేదు.

చలి వచ్చిన రాత్రి తోటలో ఏం జరుగుతుందో మావాళ్లలో చాలామందికి తెలియదు. తెలుసుకోదగ్గ విషయం. చలి రాత్రులు రెండు రకాలు. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి కదలకుండా ఉంటే, పగలు నేల దాచుకున్న వేడి అంతా పైకి పోతుంది. నేలని ఆనుకున్న గాలి బాగా చల్లబడుతుంది. చిత్రమేమిటంటే, ముప్పై నలభై అడుగుల పైన గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇలాంటి రాత్రి తోటలో స్తంభం మీద నిలబెట్టిన పెద్ద ఫ్యాను తిప్పితే పై గాలి కిందికి దిగి రెండు మూడు డిగ్రీలు కలిసొస్తాయి. హెలికాప్టర్ అద్దెకి తెచ్చి తోట మీద చక్కర్లు కొట్టించేవాళ్లూ ఉన్నారు. ఇందాక చెప్పిన మూడు డిగ్రీల తేడా గుర్తుంటే ఆ హెలికాప్టర్ అద్దె దండగ అనిపించదు.

రెండో రకం రాత్రి వేరు. ఉత్తరం నుంచి చల్లని గాలి వాన్నీటి వరదలా వచ్చిపడుతుంది. కిందా పైనా ఒకే చలి. ఫ్యాను తిప్పితే చల్లని గాలినే చల్లని గాలితో కలిపినట్టు. ఆ రాత్రి ఏ యంత్రమూ పనిచేయదు.

దక్షిణ జార్జియాలో అల్మా చుట్టుపక్కల బ్లూబెర్రీ రైతులు పూతని కాపాడుకోవడానికి నీళ్లు చల్లుతారు. పూత మీద నీళ్లు గడ్డకడితే పూత చస్తుంది కదా అని ఎవరైనా అడుగుతారు. గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడి వదులుతుంది. నీళ్లు చల్లుతూ, అది గడ్డకడుతూ ఉన్నంతసేపు లోపలి పువ్వు 32 డిగ్రీల దగ్గరే నిలబడుతుంది. ఒకసారి మొదలుపెడితే తెల్లారి ఎండెక్కి మంచు కరిగేదాకా ఆపకూడదు. అయితే పొడిగాలి వీచే రాత్రి ఇదే ఉపాయం ఎదురు తిరుగుతుంది. గ్రాము నీరు ఆవిరైతే పోయే వేడి ఆరు వందల కేలరీలకి దగ్గర, అంటే గడ్డకట్టినప్పుడు వచ్చిన దానికి ఏడు రెట్లకు పైన. కాపాడదామని చల్లిన నీరే పువ్వుని ఇంకా చల్లబరుస్తుంది. పీచ్ చెట్టుకి ఈ పద్ధతి అంతగా కుదరదు కూడా, మంచు బరువుకి కొమ్మలు విరుగుతాయి. ఇంత నేర్పు, ఇంత డబ్బు, ఇంత జాగారం పెట్టినా ఆ రాత్రి ఏ రకందో తెలియాలి, చెట్టు ఏ దశలో ఉందో తెలియాలి. జార్జియా విశ్వవిద్యాలయం 1991లో మొదలుపెట్టిన వాతావరణ కేంద్రాల వరుస రాష్ట్రమంతా ఈ పని చేస్తోంది. ప్రతి కేంద్రం చలి గంటల లెక్క కూడా చెబుతుంది. ఈ రాష్ట్రానికి ఉన్న ఆస్తుల్లో పీచ్ బొమ్మ కంటే అది విలువైనదని నా నమ్మకం. దాని పేరు ఎన్నికల సభలో ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

పీచ్ బొమ్మ అన్నాను కాబట్టి ఒక పక్క మాట. కారు నంబరు ప్లేటు మీద పీచ్, అట్లాంటాలో ఏ వీధి చూసినా పీచ్‌ట్రీ, చాలా ఏళ్లపాటు కొత్త సంవత్సరం రాత్రి కిందికి జారిన పీచ్. పళ్లు ఎక్కువ పండేది మాత్రం కాలిఫోర్నియాలో, తర్వాత పక్కనే ఉన్న సౌత్ కరొలైనాలో. మీ లెక్కల్లో అసలు డబ్బు కోళ్లది. కోడిని నంబరు ప్లేటు మీద వేసుకోవడానికి ఎవరికీ మనసొప్పలేదు, అంతే. తప్పు పట్టడం లేదు. గుంటూరు మిర్చి లేని గుంటూరుని మేమూ ఊహించుకోలేం. గుర్తుకి ఉన్న బలం పెద్దది. ఆ బలాన్ని సరైన చోట ఖర్చుపెట్టమనే నా మాట.

చలి చాలని శీతాకాలానికి మందు, తక్కువ చలి కోరే రకాలు వేసుకోవడమేనని చాలామంది అనుకుంటారు. అంత సులువైతే ఈ ఉత్తరం అవసరం ఉండేది కాదు. నాలుగు వందల గంటలతో సరిపెట్టుకునే రకం వెచ్చని జనవరిలో ముందే లేచి కూర్చుంటుంది, మార్చి చలికి మొదట దొరికేది అదే. వెయ్యి గంటలు కావాల్సిన రకం మార్చి చలిని తప్పించుకుంటుంది గానీ వెచ్చని శీతాకాలంలో దాని లెక్క నిండదు. కావాల్సింది తక్కువ చలితో తృప్తిపడి, ఆ తర్వాత కూడా ఎక్కువ వేడి తగిలితేనే విచ్చుకునే మొగ్గ. బైరన్‌లోని కేంద్ర ప్రభుత్వ పరిశోధన కేంద్రం, అటాపల్గస్‌లో విశ్వవిద్యాలయం వాళ్ల క్షేత్రం ఇలాంటి రకాల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్నాయి. 1870లలో మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ తన భార్య పేరు మీద ఎల్బర్టా పీచ్‌ని తయారుచేసిన తర్వాతే జార్జియా పీచ్ న్యూయార్క్ దాకా వెళ్లింది, ఆ వ్యాపారం పెరిగే 1924లో పీచ్ కౌంటీ అని ఒక కౌంటీయే పుట్టింది. ఒక మంచి రకం ఒక కౌంటీని పుట్టించగలిగిన రాష్ట్రం ఇది. కొత్త రకం బయటికి రావడానికి పదేళ్ల పైనే పడుతుంది, నాటిన అంటు కాపుకి రావడానికి మరో మూడు నాలుగేళ్లు. ఇంకో 2023 వచ్చాక నిధుల గురించి ఆలోచిస్తే ఏమీ అందదు.

ఇప్పుడు అప్పుల దగ్గరికి వస్తాను. పంట పోయిన ఏడు తోట యజమానికి బీమా ఉంది, విపత్తు రుణం ఉంది. చాలదని నాకూ తెలుసు. కనీసం ఒక దారి ఉంది. కోయాల్సిన పళ్లే లేనప్పుడు కోసేవాళ్ల సంగతి ఏమిటి? జార్జియా తోటల్లో కోతలకి వచ్చేవాళ్లలో చాలామంది హెచ్-2ఏ వీసా మీద మెక్సికో నుంచి వస్తారు. ఆ వీసాలని అందరికంటే ఎక్కువగా వాడే రాష్ట్రాల్లో మీది ఒకటి. ఒప్పందంలో రాసిన రోజుల్లో మూడొంతులకైనా పని చూపించాలని నియమం ఉంది. దైవికమైన కారణంతో పని లేకుండా పోతే ఆ ఒప్పందాన్ని ముందే ముగించుకునే వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ప్రయాణానికీ మధ్యవర్తికీ ఇంటి దగ్గర అప్పు చేసి బయల్దేరిన మనిషికి, ఫిబ్రవరి వెచ్చగా ఉంది, ఈసారి కోతలు అనుమానం అని ముందే చెప్పేవాడు ఎవరైనా ఉన్నాడా?

నేను ఈ దేశంలో అడుగుపెట్టింది హెచ్-1బీ మీద. అతనిదీ నాదీ ఒకే వరుసలో పుట్టిన వీసాలు. నా ఆఫీసులో హీటరు చెడిపోతే ఇంటి నుంచి పనిచేయమంటారు, జీతం ఆగదు. వరుస ఎంత పొడుగైనా నా వీసాకి చివర గ్రీన్‌కార్డు అనే మాట ఒకటి ఉంది. అతని వీసాకి ఆ దారి లేదు, పళ్లు అయిపోగానే వెనక్కి. నా డబ్బాలోకి వచ్చిన పీచ్ ముక్క అతని చేతి మీదుగానే వచ్చింది. అందుకే ఈ మాట అడిగే బాధ్యత మాబోటివాళ్ల మీద కొంచెం ఎక్కువ ఉందనుకుంటాను.

ఇది మీ రాష్ట్రపు రోగం మాత్రమే అనుకోవద్దు. మా తెలుగు రాష్ట్రాల్లోనూ అంతే. తుఫానుకి వరి పడిపోతే నష్టపరిహారం చాలాసార్లు పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలోకి పోతుంది. దుక్కి దున్ని, నాట్లు వేసి, పురుగుమందు అప్పు తెచ్చుకున్న కౌలు రైతు తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద కూర్చుంటాడు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే ఇచ్చారు, కౌలుదారుకి ఇవ్వలేదు. కూలి పోయిన వాళ్ల పేరు ఏ జాబితాలోనూ ఉండదు. ఆకాశం నుంచి పడిన దెబ్బకి నేల మీద కాగితం ఉన్నవాడే బాధితుడని లెక్కకట్టే అలవాటు రెండు దేశాల్లోనూ ఒకటే. మాకు కాగితం అంటే పట్టా. మీకు బీమా పాలసీ.

మీ నుంచి నాకు వచ్చే జవాబు ఊహించగలను. పంటల బీమా వాషింగ్టన్‌ది, వీసాలు వాషింగ్టన్‌వి, పరిశోధన విశ్వవిద్యాలయానిది, నా చేతిలో ఏముంది అంటారు. ఒప్పుకుంటాను. మీరు ఇర్విన్ కౌంటీలో ఒసిల్లా దగ్గర తరతరాల రైతు కుటుంబం నుంచి వచ్చారు. మంచు రాత్రి మెలకువగా ఉండటం అంటే ఏమిటో చదివి తెలుసుకున్న మనిషి కాదు మీరు. రైతులకి ఇవన్నీ తెలుసండీ, కొత్తగా చెప్పేదేముంది అని కూడా అంటారేమో. రైతుకి తెలుసు. పెట్టెడు పీచ్ పళ్లు కొనే నాబోటి అట్లాంటావాడికి తెలియదు. బడ్జెట్ మీద చేయెత్తే శాసనసభ్యుల్లో చాలామందికి తెలియదు. వాళ్లకి చేరేది మార్చిలో మాడిన పూత ఫొటో ఒక్కటే. ఫొటో చూసి అయ్యో అంటారు. జనవరిలో జరిగింది ఫొటోకి దొరకదు కాబట్టి దానికి నిధులు అడగడం ఎవరికీ తోచదు.

2024లో కాపు బాగానే వచ్చింది, అందరం 2023ని మర్చిపోయాం. మంచి ఏడు వచ్చినప్పుడే అడగడం తేలిక కాబట్టి అడుగుతున్నాను. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ప్రతి సోమవారం మీ శాఖ పేరుతో ఒక ప్రకటన ఇవ్వండి. ఏ కౌంటీలో ఎన్ని చలి గంటలు పోగయ్యాయి, మామూలుగా ఆ తేదీకి ఎన్ని ఉండాలి, పీచ్, బ్లూబెర్రీ ఏ దశలో ఉన్నాయి, ఆ దశలో ఏ డిగ్రీ దగ్గర దెబ్బ తగులుతుంది, ఇవే నాలుగు సంగతులు. లెక్కలన్నీ విశ్వవిద్యాలయం దగ్గర సిద్ధంగానే ఉన్నాయి. మీ ముద్ర పడితే టీవీ చానెళ్లు చదువుతాయి. కేంద్రానికి పంపే విపత్తు దరఖాస్తులో కారణం అన్న గడి దగ్గర మార్చి తేదీతో పాటు జనవరి, ఫిబ్రవరి ఉష్ణోగ్రతలు కూడా రాయండి. రాసింది పది ఏళ్లు పోగైతే బీమా కంపెనీలూ విత్తన పరిశోధకులూ దాన్ని పక్కన పెట్టలేరు.

ఆ సోమవారం ప్రకటన స్పానిష్‌లో కూడా ఇవ్వండి. ఫిబ్రవరి చివరికే కాపు అనుమానంలో పడితే, అప్పటికి ఇంకా బయల్దేరని కోత కూలీలకి ఆ మాట తోట యజమాని ద్వారా గాక మీ శాఖ నుంచే చేరేలా చూడండి. ఒప్పందం మధ్యలో తెగిపోయినవాళ్లకి ఆ ఏడు రాష్ట్రంలో ఇంకో పంట దగ్గర, విడేలియా ఉల్లి దగ్గరో, పెకాన్ తోటల్లోనో, పని కుదిర్చే బాధ్యత ఎవరిదో ముందే తేల్చండి. రెండు వేర్వేరు శాఖలు కలిసి కూర్చోవాల్సిన పని అది. కూర్చోబెట్టగలిగినవాళ్లలో మీరొకరు.

మొదటి ప్రకటన ఈ డిసెంబరు మొదటి సోమవారం వస్తే, తెలుగులోకి మార్చి మా వాట్సాప్ గుంపుల్లో పంచే పని నాది.

ఇట్లు,
మీ రాష్ట్రంలో పన్ను కడుతున్న, ఓటు లేని ఒక తెలుగువాడు
కమింగ్, ఫోర్సైత్ కౌంటీ